సొంతోనికి రాసిన నోటీసు

చెప్పులు విప్పకుండా వసారాలో కుర్చీ అంచున కూర్చున్న ఆడబిడ్డను చూసి రామసుబ్బమ్మకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మంచినీళ్లు తెచ్చి పక్కన పెడితే అటు చూడలేదు. కాఫీ తెచ్చి పెడితే అది మీగడ కట్టి చల్లారిపోయింది. "అన్న రానీ వదినా" అన్నది ఒక్కటే వచ్చినప్పటి నుంచీ ఆమె నోట వచ్చిన మాట.

రామసుబ్బమ్మ మొగుడు ఆదినారాయణకు నాగేశ్వరమ్మ ఒక్కగానొక్క చెల్లెలు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పుట్టింటికి ఎప్పుడొచ్చినా వాకిట్లో నుంచే వదినను కేకేసుకుంటూ, తిన్నగా వంటింట్లోకి నడిచి, గిన్నెల మీద మూతలు తీసి చూసే మనిషి. ఉప్పెక్కువైందనో, ఊరగాయలో నూనె తక్కువైందనో ఏదో ఒక వంక పెట్టకపోతే ఆమెకు పుట్టింటికి వచ్చినట్టే ఉండదు. అటువంటి మనిషి ఈ రోజు పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, దారి అడగడానికి వచ్చిన పరాయిదానిలా వసారాలోనే ఆగిపోయింది. ఒళ్లో సంచి, సంచి మీద చెయ్యి, ఆ చేతి కింద పొడుగాటి కవరు.

ఆ కవరును సుష్మ వంటింటి గడప దగ్గర నుంచే గుర్తుపట్టింది. గుర్తుపట్టకేం? దాని మీద అడ్రసు రాసింది తనే. రిజిస్టరు పోస్టు చేసి వచ్చిందీ తనే.

"ఏందమ్మా ఆ కవరు? కోడి పిల్లల్ని పొదువుకున్నట్ల పొదువుకోని కూచునింది" అని రామసుబ్బమ్మ గొంతు తగ్గించి కోడలిని అడిగింది.

సుష్మ పొయ్యి వైపు తిరిగింది. చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. మొదటి నుంచీ చెబితే, మామగారికి తెలియకుండా ఆయన చేతనే సంతకం పెట్టించిన సంగతి కూడా బయటపెట్టాలి.

ఆదినారాయణకు మెయిన్ రోడ్డు మీద విత్తనాల ఆఫీసుంది. చుట్టుపక్కల రైతుల చేత విత్తనం పండించి కంపెనీకి ఇప్పించడం ఆయన వ్యాపారం. సుష్మ బీకాం చదివిన పిల్ల కాబట్టి పెళ్లయిన ఏడాదికే ఆఫీసు కాగితాలన్నీ ఆమె చేతికొచ్చాయి. మొగుడు రాజశేఖర్ చేల వెంట, ట్రాక్టర్ల వెంట తిరిగే రకం, కాగితమంటే ఆమడ దూరం. మామగారి సంగతి సరేసరి. ఆమె ఏది ముందు పెట్టినా "యాడమ్మా?" అని అడిగి, వేలు పెట్టి చూపిన చోట సంతకం గీకేసేవాడు. ఒక్క ముక్క చదివేవాడు కాదు. నువ్వు చదివినావు కదా, మళ్లీ నేనెందుకు అనేవాడు. ఆ మాటకు సుష్మ లోపల్లోపల ఎంత మురిసిపోయేదో. కన్నతండ్రి కూడా తనను అంతగా నమ్మలేదని అనుకునేది.

ఆఫీసులో జిరాక్స్ మిషను, ప్రింటరు, కంప్యూటర్లు అన్నీ లీజు సామానే. లీజుకిచ్చింది నాగేశ్వరమ్మ కొడుకు హరీష్. హైదరాబాదు కంపెనీ నుంచి మిషన్లు తెచ్చి ఆఫీసులకు లీజుకివ్వడం వాడి వ్యాపారం, నంద్యాలలో ఇంటి ముందరి గదే వాడి దుకాణం. తండ్రి లేని పిల్లోడు దుకాణం తెరుస్తుంటే మొదటి బోణీ మేనమామదే కావాలని ఆదినారాయణ పట్టుబట్టి తెప్పించుకున్నాడు.

బోణీ మంచిదే. మిషనే మంచిది కాదు. ఏడాది తిరక్కముందే నకలు మీద నిలువునా ఒక నల్లగీత పడటం మొదలైంది. పాసుబుక్కు తీస్తే ఆ గీత సరిగ్గా సర్వే నంబరు మీదుగా పోతుంది. ఆధారు తీస్తే మనిషి ముఖం మీదుగా పోతుంది. ఆఫీసులో పనిచేసే లూదియా దాని అద్దం తుడిచి తుడిచి విసిగిపోయింది. హరీష్ రెండు మూడుసార్లు మనిషిని పంపాడు. అతను వచ్చిన పూట బాగుండేది, మర్నాటికి గీత మళ్లీ హాజరు. విత్తనాల కంపెనీవాళ్లు కాగితాలు తిప్పి పంపితే పాపం రైతులు పనులు మానుకుని మళ్లీ బస్సెక్కి రావాలి. గడివేముల నుంచి అలా తిరిగి తిరిగి అలిసిపోయిన ఒక ముసలాయన, "అమ్మా, నా మొగం బాగలేదా, మీ మిషన్ బాగలేదా?" అని అడిగితే సుష్మ తలెత్తలేకపోయింది.

లీజు గడువు దగ్గరపడుతోందని ఆమె అగ్రిమెంటు తీసి, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. చిన్న అక్షరాల్లో ఎక్కడో అడుగున ఉంది అసలు సంగతి. గడువుకు రెండు నెలల ముందే వద్దని రాసి పంపకపోతే, లీజు దానంతట అదే ఇంకో మూడేళ్లు సాగుతుంది. మిషనూ అదే, గీతా అదే. మధ్యలో వద్దనుకుంటే మిగిలిన మూడేళ్లదీ కట్టి మరీ వదిలించుకోవాలి.

మామగారికి చెప్పింది. ఆయన నవ్వాడు. చాగలమర్రి పెళ్లిలో హరీష్ కనిపిస్తే మిషన్లు మార్చెయ్ రా, లేకుంటే తీసుకుపో అని చెప్పేశాననీ, వాడు చూద్దాంలే మామా అన్నాడనీ చెప్పాడు. నోటిమాట చాలదు మామా, కాగితం ఉండాలని ఆమె అంటే ఆ నవ్వు కాస్తా పోయింది.

"సొంతోనికి నోటీసు రాసేదేందమ్మా? మన ఇండ్లల్లో సొంతోళ్ల మధ్య కాగితం పుట్టిందంటే పొయ్యి వేరైనట్టే."

చూద్దాంలే అన్న మాటకు ఈ సీమలో అర్థమేమిటో సుష్మకు తెలియనిది కాదు. అవునని ఒప్పుకోలేక, కాదని మొహం మీద అనలేక మేనమామతో ఏ మేనల్లుడైనా అనే మాట అది. హైదరాబాదు కంపెనీకి పెళ్లిపందిరి సాక్ష్యం పనికొస్తుందా? చూస్తూ చూస్తూ, వద్దని రాసి పంపాల్సిన గడువు వారంలోకి వచ్చేసింది. ఆమె ఫోనులో ఒక నమూనా నోటీసు వెతికి, పేర్లు మార్చి, మామగారి పేరిట ఇంగ్లీషులో అచ్చు తీసి, రైతు ఒప్పందాల నడుమ పెట్టి ఆయన ముందుకు జరిపింది.

"యాడమ్మా?" అన్నాడాయన.

చూపించింది.

ఇంటి మంచికే చేసింది. ఆ మాట ఏ దేవుడి ముందైనా చెప్పగలదు. ఇప్పుడు వాకిట్లో బండి ఆపుతున్న చప్పుడు విని మాత్రం ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆదినారాయణ చేనికి వెళ్లి వచ్చాడు. కాళ్లకు మట్టి. చెల్లెలిని చూడగానే ఆయన ముఖం విప్పారింది. చెప్పకుండా వచ్చావే, హరీష్ రాలేదా, తిన్నావా అని వరసపెట్టి అడుగుతూ మెట్లెక్కాడు. ఎక్కి, ఆమె పాదాలకున్న చెప్పులు చూసి మాట ఆపేశాడు.

నాగేశ్వరమ్మ కవరు ఆయన చేతికిచ్చింది.

హరీష్ ఊళ్లో లేడట. పోస్టుమాన్ వస్తే తనే సంతకం పెట్టి తీసుకుందట. ఆళ్లగడ్డ నుంచి అన్న రిజిస్టరు పంపాడంటే ఏదో శుభకార్యం పిలుపని మురిసిపోయిందట. విప్పి చూస్తే అంతా ఇంగ్లీషు. పక్కింట్లో రిటైరైన ఫ్రాన్సిస్ సారుంటే పిలిపించి చదివించుకుందట. సారు మొదటి నాలుగు ముక్కలు గట్టిగానే చదివి, తర్వాత గొంతు తగ్గించాడట. పూర్తిగా చదవమని ఆమే బలవంతపెట్టింది.

"ఆఖర్లో ఏం రాసినావో తెలుసా అన్నా? గడువు లోపల సామాను తీసుకపోకుంటే చట్టప్రకారం చర్య తీసుకుంటారంట. ఆ సారు తలకాయ వంచుకోని చెప్పె. నా కొడుకును కోర్టుకు ఈడుస్తావా?"

సుష్మ గడప పట్టుకుంది. ఆ చివరి వాక్యం నమూనాలోది. ఎవడో ఎవడికో రాసుకున్నది. తీసేయాలని అనుకుంది, పేర్లు మార్చే తొందరలో మరిచిపోయింది. ఎంత పని చేసింది! ఊరందరి కాగితాలూ జల్లెడ పట్టి చదివే తను, పంపాల్సిన ఈ ఒక్క కాగితాన్ని రెండోసారి చదువుకోలేదు.

ఆదినారాయణ కాగితాన్ని విప్పి పట్టుకున్నాడు. ఇంగ్లీషు ఆయనకూ అంతంతమాత్రమే. కానీ అడుగున ఉన్నది తన సంతకమే. దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తలెత్తి వంటింటి గడప వైపు చూశాడు.

సుష్మ కళ్లు దించుకుంది. ఇంక చెప్పడానికేం మిగల్లేదు. ఆయనకు అర్థమైపోయింది.

"నిన్ను ఒగటే అడుగుతాండా" అన్నది నాగేశ్వరమ్మ. గొంతులో కోపం లేదు, బతిమాలినట్టుంది. "ఇది నువ్వు చదివి సంతకం పెట్టినావా, చదవకుండా పెట్టినావా? చదవలేదని చెప్పు చాలు. ఈడనే చించి పారేస్తా. చెప్పులిడిచి లోపలికొస్తా. ఇంగ ఆ మాటే ఎత్తను."

రామసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడి ముఖమే చూస్తోంది. రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

గడప దాటి వెళ్లి, నేనే పెట్టించాను చిన్నమ్మా అని ఒక్క మాట అనాలి. సుష్మకు తెలుసు. తెలిసి కూడా గడప వదల్లేదు. అన్నదంటే రేపటి నుంచి ఈ ఇంట్లో తన చేతికి కాగితం ఎవరిస్తారు? మామ సంతకం దొంగిలించిన కోడలని అత్తగారు అనకపోయినా ఊరు అంటుంది. రాజశేఖర్ ఏమంటాడో ఊహించడానికే భయమేసింది. అడకత్తెరలో పోకచెక్కలా ఆమె అటూ ఇటూ నలుగుతుండగానే ఆదినారాయణ గొంతు సవరించుకున్నాడు.

"చదివే పెట్టినా" అన్నాడు.

రామసుబ్బమ్మ కళ్లు మూసుకుంది. నాగేశ్వరమ్మ కాసేపు అన్న ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అన్నది మళ్లీ మార్చుకుంటాడేమోనని ఆగినట్టుంది. ఆయన మార్చుకోలేదు. కాగితాన్ని మడతల మీద మడతలు పెడుతూ కూర్చున్నాడు.

"నాయన పోయిన ఏడు నువ్వు నంద్యాలకు కాగితాలు తెస్తివి, గ్యాపకముందా?" అన్నది ఆమె. "నా భాగం వద్దని రాసినారో, ఇంగేం రాసినారో నాకు తెల్దు. రొట్టెలు చేస్తాంటి. చేతులకు పిండి ఉంటే కొంగుకు తుడుచుకోని నువ్వు చూపిచ్చిన కాడ సంతకం పెడ్తి. మా ఆయన చదివి పెట్టమన్యాడు. మా అన్న తెచ్చిన కాగితం నేను చదివేదేందని ఆయన్నే కసిరితి. అదే ఆఖరు, ఆ మనిషి మళ్లీ నన్ను ఆ మాట అడగల, సచ్చిపోయేదాకా."

"అది వేరే, ఇది వేరే నాగీ" అన్నాడు ఆదినారాయణ.

"ఏం వేరే?"

ఆయన కాగితానికి ఇంకో మడత పెట్టాడు. నాగేశ్వరమ్మ సంచి భుజానికి తగిలించుకుని లేచింది. రామసుబ్బమ్మ చెయ్యి పట్టుకుని ఒక్క ముద్ద తిని పొమ్మని బతిమాలింది. ఆ చేతిని విదిలించుకోకుండా, మెత్తగా, ఒక్కో వేలూ విడిపించుకుని ఆమె మెట్లు దిగింది. రాజశేఖర్‌కు ఫోన్ చేస్తా, కార్లో దింపుతాడని అన్న వెనక నుంచి అంటే, బస్సులున్నాయిలే అని మాత్రం చెప్పింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురూ నిలబడి చూశారు. వెనక్కి తిరిగి చూడలేదు.

రామసుబ్బమ్మ లోపలికి వెళ్లి ఏడ్చుకుంది. సుష్మ వచ్చి మామగారి ఎదుట నిలబడింది. ఆయన తిడతాడనే అనుకుంది. తిడితే బాగుండనుకుంది. చివరికి తనే నోరు విప్పి, చదవలేదని ఎందుకు చెప్పలేదు మామా అని అడిగింది.

"చెప్పింటే నీ గతేందమ్మా ఈ ఇంట్లో?" అన్నాడాయన. "దానికి నా మీద కోపమొస్తే నాలుగు దినాలుంటాది. నీ మీదొస్తే పోదు. ఆడోళ్ల సంగతి నాకు తెల్దా?"

ఆమె వైపు చూడకుండానే మళ్లీ అన్నాడు. "ఇదేందో చెప్పింటే నేను పెట్టేటోన్ని గాదు. అది తెలిసే గదా నువ్వు చెప్పనిది?"

మడతపెట్టిన కాగితాన్ని ఆమె చేతిలో పెట్టి ఆయన కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. అరవై దాటిన మనిషి ఎప్పుడూ చేయి ఆనించకుండా మెట్లు దిగేవాడు, ఇప్పుడు గోడ పట్టుకుని దిగాడు. అది చూశాక ఆమె ఇంక ఆగలేకపోయింది. చెప్పులు వేసుకుని, అత్తగారికైనా చెప్పకుండా, బస్టాండు వైపు పరుగులాంటి నడకతో బయల్దేరింది.

నాగేశ్వరమ్మ నంద్యాల బస్సులు ఆగే చోట బెంచీ మీద కూర్చుని ఉంది. అటు పక్క మహానంది పోయే యాత్రికులు పిల్లలతో, సంచులతో గోలగోలగా ఉన్నారు. ఆ గోల మధ్య ఆమె ఒక్కతే ఎవరూ లేని చోట కూర్చున్నట్టు కూర్చుంది. సుష్మ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"చిన్నమ్మా, మామ చదవలేదు. నేనే పెట్టిచ్చినా. ఆ ఆఖరు మాట గూడా నేను రాసింది కాదు, యాడనో చూసి తీసుకున్యా, తీసెయ్యడం మర్చిపోతి. ఆయనకేం తెల్దు."

నాగేశ్వరమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. "తెలుసు లేమ్మా" అన్నది.

సుష్మ ఆమె ముఖంలోకి చూసింది.

"మా అన్న చదివి సంతకం పెట్టేదేంది? చిన్నప్పట్నుంచి చూస్తాండా. ఫ్రాన్సిస్ సారు చదువుతాంటేనే అనుకుంటి, ఇది వాని మాట కాదని." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "చదవలేదని ఒగ మాట అంటాడని నంద్యాల నుంచి వస్తి. అది నిజం గూడా. నిజం చెప్పనీకి గూడా వానికి నోరు రాకపాయె. యాలంటే నిన్ను కాపాడుకోవల్ల. మంచిదే. ఇంటి కోడలివి, కాపాడుకోవల్లసిందే. నన్ను గూడా కాపాడుకోవల్లని వానికి తోచలేదు, అంతే."

సుష్మకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడే ఇంటికి రమ్మనీ, మామగారి ముందే అంతా ఒప్పుకుంటాననీ, నోటీసు వెనక్కి తీసుకుంటూ ఈ పొద్దే ఇంకో కాగితం రాసి పంపుతాననీ గబగబా చెప్పింది. నాగేశ్వరమ్మ చెయ్యెత్తి ఆపింది. మిషను బాగలేదని హరీష్ కూడా ఇంట్లో అంటూనే ఉన్నాడట. పైన కంపెనీవాళ్లకు చెప్పలేక నానుస్తున్నాడట. ఊరి నుంచి వచ్చాక వాడే వచ్చి తీసుకుపోతాడని, దానికోసం ఇంకెవరూ ఏమీ రాయనక్కర్లేదని చెప్పింది.

"నా మీద కోపం పెట్టుకోవద్దు చిన్నమ్మా."

"నీ మీద కోపం లేదు. ఉండింటే బాగుండు" అన్నది నాగేశ్వరమ్మ. సుష్మ చెంప మీద చెయ్యి వేసి, మళ్లీ వెంటనే తీసేసింది.

చాగలమర్రి మీదుగా వచ్చే బస్సు లోపలికి తిరిగింది. జనం తోసుకున్నారు. సుష్మ సంచి అందుకుని ఎక్కించబోతే ఆమె ఇవ్వలేదు. తనే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, కడ్డీల మీదికి వంగింది. ఏదో మెత్తని మాట చెబుతుందని సుష్మ ఆశగా దగ్గరికి జరిగింది.

"మీ మామకు చెప్పు. ఆ పొద్దు నేను పిండి చేతుల్తో సంతకం పెట్టిన కాగితం నకలు నాకు గావల్ల."

"నేనే తెచ్చిస్తా చిన్నమ్మా."

"నువ్వు తేవద్దు. ఆయన్నూ తేవద్దను. రిజిస్టరు పోస్టులో పంపమను. ఫ్రాన్సిస్ సారు చదివి చెప్తాడు."

కండక్టరు ఈల వేశాడు. బస్సు నంద్యాల రోడ్డెక్కి కనిపించకుండా పోయాక కూడా సుష్మ అక్కడే నిలబడింది. చివరికి ఇంటి వైపు తిరిగింది. ఆ కబురు మామగారికి చెప్పాల్సింది తనే.